రెండో తలుపు ఎక్కడుంది?

మొన్న సంక్రాంతి అయ్యాక మా అమ్మను మొదటిసారి బెంగళూరు తీసుకెళ్లాను. జడ్చర్ల హైవే మీద రాత్రి పదకొండున్నరకు ఏసీ స్లీపర్ బస్సు ఎక్కాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి కింది బెర్త్ ఆమెకు, పై బెర్త్ నాకు. దుప్పటి పరిచి, వాటర్ బాటిల్ పక్కన పెట్టి, ఇక పడుకో అన్నాను. ఆమె పడుకోలేదు. కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమి చూసింది.

"ఇది తెర్సుకోదా?"

"ఏసీ బస్సమ్మా. తెరుచుకోదు."

"మరి ఏమన్నయితే?"

"పలగొట్టి దుంకాలె."

అమ్మ ఒకసారి అద్దం వైపు చూసింది, ఒకసారి తన మోకాళ్ల వైపు చూసుకుంది. "నేనెట్ల దుంకుతరా?" అంది.

నేను ఇంజినీరింగ్ చదివాను. ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్కే లేదు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అమ్మ భయానికి ఒక ఊరి పేరుంది

ఆ పేరు పాలెం. వ్యవసాయ కాలేజీ ఉన్న బిజినేపల్లి పాలెం కాదు, కొత్తకోట మండలం పాలెం. ఇప్పుడు వనపర్తి జిల్లా, అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా. 2013 అక్టోబరు 30, తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతం. దీపావళికి నాలుగు రోజుల ముందు. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు అక్కడ కల్వర్టును ఢీకొట్టింది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. ఎక్కువమంది నిద్రలో ఉన్నారు. 45 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరి శరీరం ఎవరిదో తెలియడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది.

నేనప్పుడు ఇంటర్ ఫస్టియర్. ఆ రోజు టీవీలో ఒకటే బొమ్మ: నల్లగా కాలిపోయిన బస్సు పంజరం. మధ్యాహ్నానికి అమ్మ టీవీ కట్టేసింది. నాకు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లినప్పటి నుంచి, నేను ఊరికి బయల్దేరిన ప్రతిసారీ ఆమె అడిగేది ఒక్కటే: "సీటు దర్వాజ దగ్గరేనా?"

నేను నవ్వేవాణ్ని. నిరుడు అక్టోబరు 24 తర్వాత నవ్వడం మానేశాను. ఆ తెల్లవారుజామున మూడు గంటలప్పుడు హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర కాలిపోయింది. రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకెళ్లింది, బైకులోని పెట్రోలు అంటుకుంది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే. అదీ ఈ రోడ్డే. ఆ బస్సూ మా జడ్చర్ల, పాలెం మీదుగానే వెళ్లింది.

రెండు ప్రమాదాల మధ్య పన్నెండేళ్లు. ఈలోపు మన ఫోన్లు మారాయి. కానీ కాలుతున్న బస్సులోంచి ఎలా బయటపడాలన్నది మాత్రం ఇప్పటికీ ప్రయాణికుడి అదృష్టానికే వదిలేశాం.

తలుపుకు రెండు ఉద్యోగాలు

తలుపు అంటే తెరుచుకునేది అనుకుంటాం. నిజానికి దానికి రెండు పనులు. తెరుచుకోకూడనప్పుడు ఎంత లాగినా తెరుచుకోకూడదు. తెరుచుకోవాల్సినప్పుడు ఏది పాడైనా తెరుచుకోవాలి.

ముందు విమానం తలుపు చూద్దాం. గాల్లో ఉండగా ఎవడైనా తలుపు తెరిస్తే ఏమవుతుంది? ఈ డౌటు మనందరికీ వచ్చిందే. చాలా ఎత్తులో ఉన్నప్పుడైతే తెరవడం మనిషి వల్ల కాదు. పైన గాలి పల్చన. మనం ఊపిరి తీసుకోవడానికి క్యాబిన్‌లోకి గాలి నింపుతారు. దాంతో లోపలి ఒత్తిడి బయటికంటే చాలా ఎక్కువ. ఆ తేడా తలుపు మీద చదరపు మీటరుకు దాదాపు ఐదున్నర టన్నుల బరువులా పనిచేస్తుంది. చాలా విమానాల తలుపులు సీసాకు బిగించిన బిరడా లాంటివి. లోపలి గాలే వాటిని చట్రానికి అదిమి పడుతుంది. కండలు తిరిగిన పహిల్వాన్ వచ్చినా కదలదు.

కిందికి దిగేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గిపోతుంది. 2023 మేలో దక్షిణ కొరియాలో ఒక విమానం ల్యాండింగ్‌కు వస్తుండగా, భూమికి రెండు వందల మీటర్ల ఎత్తులో, ఒక ప్రయాణికుడు ఎమర్జెన్సీ డోర్ తెరిచేశాడు. లోపలివాళ్లు గాలికి అల్లాడిపోయారు గానీ అందరూ క్షేమంగా దిగారు.

ఇక నేల మీద. విమానం తలుపు తెరవడానికి కరెంటు అక్కర్లేదు, పైలట్ అనుమతీ అక్కర్లేదు. హ్యాండిల్ తిప్పితే చాలు. టేకాఫ్‌కు ముందు 'డోర్స్ ఆర్మ్డ్' అని వినిపిస్తుంది కదా. ఇకపై తలుపు తెరిస్తే జారుడుబల్ల దానంతట అదే ఉబ్బేలా సిద్ధం చేశామని దాని అర్థం. అంటే రెండు ఉద్యోగాలకూ వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి.

ఇప్పుడు మన ఏసీ బస్సు. దాని తలుపును తెరిచి మూసేది గాలి ఒత్తిడి. డ్రైవర్ బటన్ నొక్కితే వైరు గుండా వాల్వుకు కబురు వెళ్తుంది, గాలి సిలిండర్‌ను తోస్తుంది, తలుపు కదులుతుంది. రోజూ హాయిగా పనిచేస్తుంది. మా ఫీల్డ్‌లో దీన్ని 'హ్యాపీ పాత్' అంటాం, అన్నీ సజావుగా సాగే దారి. మరి వైరు కాలిపోతే? తలుపున్న వైపే బస్సు పడిపోతే? ముందు భాగమే మంటల్లో ఉంటే? నలభై మందికి ఉన్న ఒక్క దారీ పోయినట్టే.

అందుకే ఇలాంటి తలుపు దగ్గర ఎర్రటి నాబ్ గానీ చిన్న లివర్ గానీ పెడతారు. అది తిప్పితే గాలి బయటికి పోయి తలుపు వదులవుతుంది. అప్పుడు చేత్తో తోసి తెరవొచ్చు. మీరు రోజూ ఎక్కే బస్సులో అది ఎక్కడుందో చూశారా? నేను ఆరేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

90 సెకన్ల పరీక్ష

ఎ-320 విమానంలో దాదాపు 180 మంది పడతారు. దానికి ముందూ వెనుకా నాలుగు తలుపులు, రెక్కల మీదికి నాలుగు దారులు, మొత్తం ఎనిమిది. అన్ని తలుపులు పెట్టింది తయారీదారుల దయ వల్ల కాదు. పరీక్ష పాసవ్వాలి కాబట్టి.

44 మందికి పైగా పట్టే విమానమేదైనా సరే, నిండా జనం ఉన్నప్పుడు 90 సెకన్లలో అందరూ నేల మీద ఉండగలరని నిరూపించాలి. చీకట్లో, సగం తలుపులు మూసేసి, నడిచే దారిలో బ్యాగులూ దుప్పట్లూ పడేసి మరీ. ఏ సగం తెరుచుకుంటుందో లోపలివాళ్లకు ముందు తెలియకూడదు. అమెరికాలో 1965లో ఈ రూలు వచ్చినప్పుడు 120 సెకన్లు ఇచ్చారు. రెండేళ్లకే 90కి కుదించారు. ఎ-380కి 2006లో జర్మనీలోని హాంబర్గ్‌లో పరీక్ష పెడితే, 16 తలుపుల్లో 8 మాత్రమే తెరిచి 873 మంది 78 సెకన్లలో బయటపడ్డారు.

ఈ రూల్స్ చదువుతుంటే ఒక లైను దగ్గర ఆగిపోయాను. పరీక్షలో కుర్రాళ్లను మాత్రమే కూర్చోబెడితే ఒప్పుకోరు. కనీసం 40 శాతం ఆడవాళ్లు ఉండాలి. కనీసం 35 శాతం మంది 50 ఏళ్లు దాటినవాళ్లు ఉండాలి. చంటిపిల్లల బదులు మూడు బొమ్మలను ఎత్తుకుని దిగాలి.

అంటే ఆ లెక్కలో మా అమ్మ ఉంది. విమానం డిజైన్ చేసినవాళ్లు ఆమె వయసును ముందే లెక్కలో వేసుకున్నారు. "నేనెట్ల దుంకుతరా" అనే ప్రశ్న అక్కడ ఎవరో ముందే అడిగారు.

ఆ తెలివి ఊరికే రాలేదు

విమానాలవాళ్లు పుట్టుకతో తెలివైనవాళ్లేం కాదు. 1980 ఆగస్టులో రియాద్‌లో ఒక విమానం మంటలతోనే క్షేమంగా నేల మీదికి దిగింది. కానీ తలుపులు సమయానికి తెరుచుకోలేదు. లోపలున్న 301 మందీ చనిపోయారు.

1985 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఇంకొకటి. టేకాఫ్ కోసం పరిగెడుతున్న బోయింగ్ 737 ఇంజిన్‌లో మంట రేగితే టేకాఫ్‌ను ఆపేశారు. లోపల 137 మంది. ముందు తలుపు ఒకటి మొదటి ప్రయత్నంలో ఇరుక్కుపోయింది. రెక్క పక్కన కూర్చున్న ప్రయాణికురాలు కంగారులో హ్యాండిల్ అనుకుని సీటు ఆర్మ్‌రెస్ట్‌ను లాగింది. పాపం, ఆమెకు ఎవరూ చూపించలేదు. చివరికి తలుపు ఊడింది, దాదాపు 22 కిలోల ఆ పలక ఆమె మీదే పడింది. 55 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ.

ఆ తర్వాత క్రాన్‌ఫీల్డ్‌లో హెలెన్ మ్యూర్ అనే సైకాలజిస్టు ఒక ప్రయోగం చేశారు. పాత విమానంలో వాలంటీర్లను కూర్చోబెట్టి, ముందుగా బయటపడ్డ సగం మందికి 5 పౌండ్లు అదనంగా ఇస్తామన్నారు. అంతే, మామూలుగా వరసలో నడిచే మనుషులు సీట్లెక్కి దూకారు, తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి ఇరుక్కుపోయారు. ఐదు పౌండ్లకే అలాగైతే ప్రాణానికి ఎలా ఉంటుంది? ఇలాంటి పాఠాల వల్లే ఎగ్జిట్ వరస పక్కన జాగా పెరిగింది, నేల మీద దారి చూపే లైట్లు వచ్చాయి. ఎగ్జిట్ దగ్గర సీటు తీసుకుంటే ఎయిర్‌హోస్టెస్ వచ్చి "అవసరమైతే మీరు తలుపు తెరుస్తారా?" అని మొహం చూసి అడగడం కూడా అందుకే.

దాని ఫలితం 2024 జనవరి 2న టోక్యోలో కనిపించింది. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని అంటుకుంది. కోస్ట్‌గార్డ్ విమానంలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలోని 379 మంది మాత్రం అందరూ బతికారు. మైకు పనిచేయలేదు, సిబ్బంది మెగాఫోన్లతో అరిచి చెప్పారు. ముందు కిటికీలోంచి బయట మంట ఎటు ఉందో చూశారు. ఎనిమిది తలుపుల్లో మూడే తెరిచారు. జనం బ్యాగులు వదిలేసి దిగారు.

మన బస్సులో ఉన్నదేమిటి?

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. బస్సు బాడీకి ఏఐఎస్-052, స్లీపర్‌కు ఏఐఎస్-119 అని మన దేశంలోనే ప్రమాణాలు ఉన్నాయి. ఎమర్జెన్సీ తలుపులు, కిటికీలు, వాటి కొలతలు అన్నీ రాసిపెట్టారు. తెరిచే దారికి ఏదీ అడ్డం ఉండకూడదు.

మరి ఆ రాత్రి మా బస్సులో? అమ్మ ప్రశ్న తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ టార్చ్ వేసుకుని లేచాను. కిటికీ పక్కన సుత్తి పెట్టే క్లిప్పు ఉంది, సుత్తి లేదు. వెనక్కి వెళ్తే చివరి బెర్తుల మధ్య ఎమర్జెన్సీ డోర్ ఉంది. దానికి అడ్డంగా ఐదు పార్సిల్ మూటలు. క్లీనర్‌ను లేపాను.

"అన్నా, ఇక్కడ సుత్తి ఉండాలె గదా?"

"పెడితె ఎవరో ఒకరు పట్కపోతరన్నా. డ్రైవరన్న కాడ ఒకటుంది."

"మరి ఈ మూటలు?"

"పొద్దుగాల బెంగళూర్ల దించేస్తం అన్నా. ఏం గాదు, పండుకో."

ఆ అబ్బాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వాడి మీద కోపం రాలేదు. వాడికి తెలిసింది హ్యాపీ పాతే, ఇంతకాలం నాకు తెలిసినట్టే. "ఏమన్నయితే నువ్వు ఎట్లకెల్లి దిగుతవ్?" అని అడిగాను. ముందు తలుపు వైపు చూశాడు. తర్వాత మూటల వైపు చూశాడు. మారు మాట్లాడకుండా ఒక మూట ఎత్తాడు. మెలకువగా ఉన్న ఇంకో ప్యాసింజర్ వచ్చి చెయ్యేశాడు. మూటలన్నీ డ్రైవర్ క్యాబిన్ వెనక ఖాళీ బెర్త్‌లోకి మార్చడానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. డ్రైవర్ దగ్గరున్న సుత్తి అడిగి తెచ్చి క్లిప్పులో పెట్టాం.

అద్దం రహస్యం

సుత్తి ఎందుకంత ముఖ్యం? ఏసీ బస్సు పక్క కిటికీలకు సాధారణంగా టఫెన్డ్ గ్లాస్ వాడతారు. అద్దాన్ని 600 డిగ్రీలకు పైగా వేడి చేసి గాలితో గభాలున చల్లారుస్తారు. పై పొర బిగుసుకుంటుంది, లోపలి పొర సాగదీసిన రబ్బరులా లాగుతూ ఉంటుంది. అందుకే పిడికిలితో గుద్దినా, చెప్పుతో కొట్టినా పగలదు. కానీ సన్నటి మొన ఒక్కచోట ఆ పై పొరను చీల్చితే, లోపల దాగిన బలమంతా ఒక్కసారి విడుదలై అద్దం మొత్తం పటిక బెల్లం పలుకుల్లా రాలిపోతుంది.

కొట్టాల్సింది మధ్యలో కాదు. మధ్యలో అద్దం కాస్త వంగి దెబ్బను మింగేస్తుంది. మూలన, అంచుకు దగ్గరగా కొట్టాలి. డ్రైవర్ ముందున్న పెద్ద అద్దం జోలికి వెళ్లొద్దు. దాని మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, చిట్లుతుంది గానీ ఊడిపడదు. అద్దం పోయాక అంచు మీద దుప్పటి వేసి, కాళ్లు ముందు బయట పెట్టి, చేతులతో వేలాడి వదిలెయ్యాలి. తల ముందు పెట్టి దూకితే మెడ విరుగుతుంది. పొగ ఉంటే వంగి నడవాలి, పొగ పైనే ముందు నిండుతుంది. బ్యాగు, ల్యాప్‌టాప్ అక్కడే వదిలెయ్యండి. అందులోని కోడ్ సర్వర్లో ఉంటుంది, మీకు బ్యాకప్ లేదు.

బయటపడటం కుదరని పని కాదు. మా అక్క అత్తగారిల్లు నల్లగొండ. అటు విజయవాడ హైవే మీద చిట్యాల దగ్గర నిరుడు నవంబరులో, కర్నూలు ఘటన జరిగిన మూడు వారాల లోపే, మరో ప్రైవేటు బస్సు అర్ధరాత్రి దాటాక పూర్తిగా కాలిపోయింది. డ్రైవర్ పొగ గమనించి బస్సు ఆపి అందరినీ లేపాడు. ప్రయాణికులందరూ ప్రాణాలతో దిగారు. వాళ్లకు దొరికింది కొన్ని నిమిషాల టైమ్, లేపిన ఒక మనిషి.

పాలెం దాటాక

మూటలు తీసే హడావుడికి అమ్మ లేచి కూర్చుంది. ఆమెను చెయ్యి పట్టుకుని వెనక తలుపు దాకా నడిపించాను. "కండ్లు మూస్కొని కర్టెన్లు లెక్కవెట్టు" అన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో కర్టెన్ తర్వాత కుడి చేతికి తలుపు హ్యాండిల్. అక్కడి నుంచి కూడా ఎత్తు ఎక్కువే. ఆమె కిందికి చూసి, "కూసొని జారుతగని, దుంకుడైతే నాతోని గాదు" అంది. సరే, జారు. నేను ముందు దిగి పట్టుకుంటా. మా అమ్మకు సరిపోయే ప్లాన్ అదే. మీ అమ్మకు ఇంకోలా ఉండొచ్చు. అది బస్సు ఎక్కిన మొదటి రెండు నిమిషాల్లోనే తేల్చుకోవాలి.

నేనిప్పుడు బస్సెక్కగానే చేసేది ఇంతే. రెండో తలుపు ఎక్కడుందో చూస్తా, అక్కడికి ఎన్ని బెర్తులో లెక్కపెడతా. సుత్తి ఉందా, ఎర్ర నాబ్ ఎక్కడ, దారిలో మూటలున్నాయా చూస్తా. చెప్పులూ ఫోనూ చేతికందేలా పెట్టుకుంటా. సుత్తి లేకపోతే ఫొటో తీసి, బుక్ చేసిన యాప్‌లో రివ్యూ రాస్తా. ఏసీ చల్లగా లేదని ఒక స్టార్ తగ్గిస్తాం కదా, తలుపు మూసుకుపోయి ఉంటే ఎన్ని తగ్గించాలి?

ప్రయాణికుడు సుత్తి వెతుక్కోవడం అసలు పరిష్కారం కాదని తెలుసు. తనిఖీ చేయాల్సినవాళ్లు చేయాలి, బస్సు కట్టేవాళ్లు సరిగ్గా కట్టాలి. కానీ ఈ శుక్రవారం రాత్రి మీ బస్సు ఎలాగూ బయల్దేరుతుంది.

కొత్తకోట దగ్గరికొచ్చినప్పుడు అమ్మ ఇంకా మేలుకునే ఉంది. "పాలెం వచ్చిందా?" అని అడిగింది. అవునన్నాను. చీకట్లోనే అద్దం వైపు తిరిగి చేతులు జోడించింది. కాసేపాగి, "ఇయ్యన్ని ఎక్కంగనే ఆ పిలగాడు అందరికి చెప్తే అయిపోవు గద. రెండు మాటలే గద" అంది.

క్లీనర్ అబ్బాయి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూశాడు. విన్నాడనే అనుకుంటున్నా.